ఆసు, జాకీ, పక్కసీటు పెద్దాయన

ప్రశ్న: సార్, నాకు 34 ఏళ్ళు. గాజువాకలో ఉంటాం, పరవాడలో ఫార్మా కంపెనీలో షిఫ్టు ఉద్యోగం. మూడేళ్ళుగా పోకర్ నేర్చుకుంటున్నాను. ఈమధ్య లీవు పెట్టి గోవా వెళ్ళి ఒక టోర్నమెంటు ఆడాను. మొదటిసారి ఫైనల్ టేబుల్ దాకా వచ్చాను. చివరికి నలుగురం మిగిలాం. బహుమతులు 8 లక్షలు, 5, 3, 2. బ్లైండ్లు (ముక్కలు పంచకముందే ఇద్దరు వంతులవారీగా పెట్టి తీరాల్సిన చిప్స్) 25 వేలు, 50 వేలు, యాంటీ (ప్రతి చేతికీ అందరూ పెట్టేది) లేదు. చిప్ లీడర్ దగ్గర 14 లక్షల చిప్స్, నా దగ్గర 9 లక్షలు, ఇంకొకాయన దగ్గర 5 లక్షలు, నా ఎడమపక్క పెద్దాయన దగ్గర 2 లక్షలు. లీడర్ స్మాల్ బ్లైండ్, నేను బిగ్ బ్లైండ్. మిగతా ఇద్దరూ ముక్కలు పడేశారు. లీడర్ చిప్స్ మొత్తం ముందుకి నెట్టి ఆల్-ఇన్ అన్నాడు. నా చేతిలో ఇస్పేటు ఆసు, డైమను జాకీ. రెండు నిమిషాలు ఆలోచించి కాల్ కొట్టాను, అంటే నా చిప్స్ కూడా అన్నీ పెట్టేశాను. ఆయన తిప్పి చూపిస్తే కళావరు రాజు, ఆఠీను తొమ్మిది. నేనే ముందున్నాను! ఫ్లాప్‌లో (టేబుల్ మీద తిప్పే మొదటి మూడు ముక్కల్లో) ఎవరికీ ఏమీ తగల్లేదు. టర్న్‌లో (నాలుగో ముక్కగా) రాజు పడింది. నాలుగో స్థానం, 2 లక్షలు, అక్కడే పట్టుకున్న పన్ను పోను 1 లక్షా 40 వేలు చేతికొచ్చింది. ఆ 2 లక్షల చిప్స్ పెద్దాయన చివరికి రెండో స్థానంలో నిలిచి 5 లక్షలు పట్టుకెళ్ళాడని తర్వాత తెలిసి నిద్ర పట్టలేదు.

నాతో ఆడేవాళ్ళందరూ ‘కాల్ కరెక్టే, బ్యాడ్ లక్’ అన్నారు. రమ్మీ తప్ప ఇంకో ఆట ఎరగని మా బావ ఒక్కడే, ‘నీకేటి తొందర? పక్కనోడు పోతన్నాడు కదా, డ్రాప్ కొట్టీవలసింది’ అంటున్నాడు. ఎవరిది కరెక్టు? ఇంకోటి, డబ్బు పెట్టి ఆడే యాప్‌లు మనకి లేవు కదా, ఇలాంటి సందర్భాలు ప్రాక్టీసు చేసేదెలా?
— జి., గాజువాక

సమాధానం:

మీ బావగారిదే కరెక్టు. మీతో ఆడేవాళ్ళకి ఈ మాట నచ్చదు. మీకూ నచ్చకపోవచ్చు, ఎందుకంటే మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ‘నేనే ముందున్నాను’ పక్కన ఆశ్చర్యార్థకం మీరే పెట్టారు. ముందున్నమాట నిజమే. ఆసు-జాకీకి రాజు-తొమ్మిది మీద నూటికి 60కి పైనే గెలుపు అవకాశం. అయినా ఆ కాల్ కొట్టకూడదు. టర్న్‌లో రాజు పడకుండా మీరు గెలిచి, ట్రోఫీతో ఫొటో దిగి నాకు పంపినా ఇదే రాసేవాణ్ణి. మీరు ఫొటోయే పంపుంటే ఈ ప్రశ్న అడిగేవారే కాదనుకోండి, అది వేరే సంగతి.

ముందు మీవాళ్ళ లెక్క చూద్దాం, ఎందుకంటే అది తప్పు లెక్క కాదు, వేరే ఆటకి సంబంధించిన లెక్క. బిగ్ బ్లైండుగా మీరు 50 వేలు అప్పటికే పెట్టేశారు. ఇంకో 8 లక్షల 50 వేలు పెడితే కుప్ప 18 లక్షలవుతుంది. ఎనిమిదిన్నరని పద్ధెనిమిదితో భాగిస్తే 47 శాతం. అంటే 47 శాతం కన్నా ఎక్కువ అవకాశం ఉంటే కాల్ కొట్టొచ్చు. ఎదుటివాడు చేతికొచ్చిన ఏ రెండు ముక్కలతోనైనా నెడుతున్నాడనుకుంటే, రంగు కలవని ఆసు-జాకీకి 63 శాతం పైచిలుకు ఉంటుంది. 63 ఎక్కడ, 47 ఎక్కడ? కళ్ళు మూసుకుని కొట్టేయొచ్చు.

గెలిచినవాడికే మొత్తం డబ్బు ఇచ్చే ఆటలో అయితే నిజంగా కొట్టేయొచ్చు. లాస్ వెగాస్‌లో 1970లో మొదలైన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో మొదటి ఏడు విజేతని ఓట్లతో ఎన్నుకున్నారు, 1971 నుంచి మెయిన్ ఈవెంటులో కొన్నేళ్ళు అంతే, చివరికి మిగిలిన ఒక్కడే అంతా పట్టుకెళ్ళేవాడు. 1978లో మొదటిసారి కింద స్థానాలకి కూడా పంచారు. ఆ పంపకం వచ్చిన రోజునుంచీ చిప్స్ వేరు, రూపాయలు వేరు అయిపోయాయి. మీ టేబుల్ మీద 30 లక్షల చిప్స్ ఉన్నాయి, పంచాల్సినవి 18 లక్షల రూపాయలు. టేబుల్ మీద చిప్స్ అన్నీ ఒకరి దగ్గరికే చేరినా ఆయనకిచ్చేది 8 లక్షలే. మిగతా 10 లక్షలు ఓడినవాళ్ళవి. ఎప్పుడు ఓడారన్నదాన్ని బట్టి వాళ్ళు పంచుకుంటారు.

మీ ఉత్తరం అందిన సాయంత్రం మా ఇంట్లో జరిగింది చెబితే ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. పెదవాల్తేరులో మా మేడ మీద సముద్రపు గాలికి పేకముక్కలు నిలవవు. అందుకని ముక్కలు పక్కనపెట్టి చింతపిక్కలు తెచ్చాను. ఒక్కో పిక్క ఒక బిగ్ బ్లైండు, అంటే 50 వేల చిప్స్. మొత్తం 60 పిక్కలు. మీరు ఆ చెయ్యి ఫోల్డ్ చేసి (ముక్కలు పడేసి) ఉంటే లీడర్‌కి 29, మీకు 17, మూడో ఆయనకి 10, పెద్దాయనకి 4. డిగ్రీ చదివే మా మనవరాలు గోళ్ళరంగు సీసాలు తెచ్చి మీ పిక్కలకి ఎర్రచుక్క, లీడర్‌కి నీలం, మూడో ఆయనకి గులాబీ పెట్టింది. పెద్దాయన నాలుగు పిక్కలూ అలాగే వదిలేశాం. అన్నీ గుడ్డసంచిలో పోసి, చూడకుండా ఒకటి తీయడం. ఎవరి పిక్క వస్తే వాళ్ళు మొదటి స్థానం. ఆ మనిషి పిక్కలన్నీ ఏరి పక్కనపెట్టి మళ్ళీ ఒకటి తీయడం, అది రెండో స్థానం. మళ్ళీ తీస్తే మూడు. మిగిలినవాడు నాలుగు.

పిల్లల ఆటలా ఉందా? ఫైనల్ టేబుళ్ళలో డబ్బు పంచుకునే ఒప్పందాలకి కూడా వాడే లెక్క సరిగ్గా ఇదే. డేవిడ్ హార్విల్ అనే గణాంకవేత్త 1973లో గుర్రప్పందేల కోసం, రెండో గుర్రం, మూడో గుర్రం ఏదవుతుందో కట్టడానికి రాసిన సూత్రం ఇది. 1980లలో మేసన్ మల్మూత్ దీన్ని పోకర్ టోర్నమెంట్లకి తెచ్చాడు. ఆటగాళ్ళు ఐసీఎం (ఇండిపెండెంట్ చిప్ మోడల్) అంటారు. మీరు పేరు వినే ఉంటారు. పేరు విన్నవాళ్ళు చాలామంది, టేబుల్ దగ్గర గుర్తుపెట్టుకునేవాళ్ళు తక్కువ.

వంద సార్లు తీసేసరికి చీకటి పడింది, దోమలు మొదలయ్యాయి. మీ ఎర్రచుక్క 26 సార్లు మొదట వచ్చింది, 11 సార్లు అట్టడుగున మిగిలింది. తర్వాత కాగితం మీద కచ్చితంగా కడితే: మొదటి స్థానం 28 శాతం, రెండు 34, మూడు 27, నాలుగు 10. వాటిని బహుమతులతో గుణించి కూడితే, ఫోల్డ్ చేసి కూర్చున్న మీ కుర్చీ ఖరీదు 5 లక్షల రూపాయలు. దాదాపు అణా పైసలతో సహా 5 లక్షలే వచ్చింది, నాకే ఆశ్చర్యమేసింది.

ఇప్పుడు కాల్ కొట్టి గెలిచారనుకోండి. మీ దగ్గర 18 లక్షల చిప్స్, లీడర్ 5కి పడిపోయాడు, మిగతా ఇద్దరూ ఎక్కడివాళ్ళక్కడే. అదే సంచి లెక్క కడితే మీ కుర్చీ 6 లక్షల 55 వేలు. చిప్స్ రెండింతలకి పైగా పెరిగాయి, రూపాయలు మాత్రం లక్షా 55 వేలే పెరిగాయి. ఓడితే 5 లక్షల కుర్చీలోంచి లేచి 2 లక్షలు పుచ్చుకుని వెళ్ళడం, అంటే 3 లక్షలు పోవడం. లక్షా 55 వేల కోసం 3 లక్షలు ఒడ్డుతున్నారు. అది గిట్టాలంటే నూటికి 66 సార్లు గెలవాలి. మీవాళ్ళు చెప్పిన 47 ఇక్కడికొచ్చేసరికి 66 అయింది.

66 అంటే ఎంత ఎత్తో చూడండి. ఎదుటివాడు ముక్కలు చూడకుండానే నెట్టేస్తున్నాడని మీకు దేవుడే వచ్చి చెప్పినా, మీ ఆసు-జాకీకి 63న్నర. ఆసు-రాజు వేరువేరు రంగులైతే 65. అదీ చాలదు! ఏడుల జత కనాకష్టంగా 66 తాకుతుంది. ఎనిమిదుల జత 69. ఇది ఆయన ఏ చెత్త ముక్కలతోనైనా నెడుతున్నాడన్న మాట మీద. నిజంగా ఏ మనిషీ అన్నిటితో నెట్టడు, ఏడు-రెండు లాంటివి కొన్నయినా పడేస్తాడు. సగం చేతులే నెడుతున్నాడనుకుంటే మీ ఆసు-జాకీ ఇంకా కిందికి దిగుతుంది. అక్కడ నేనైతే పదుల జతనుంచి పైకే వేసేది. ఆసు-రాజు ఒకే రంగైతే నా మూడ్‌ని బట్టి ఉంటుంది. మూడ్‌ని బట్టి ఆడకూడదని మీకు చెబుతున్నది కూడా నేనే అనుకోండి.

ఇంతకీ ఆ 3 లక్షలు ఎటు పోయాయి? ఇది మా మనవరాలు అడిగింది. మీరు ఓడాక మిగిలినవాళ్ళ పిక్కలు లెక్కబెడుతూ, ‘తాతయ్యా, ఈ నాలుగు పిక్కలాయన ఏమీ ఆడలేదు కదా, ఆయనకేంటి డబ్బు పెరిగిపోయింది?’ అంది. నేను అప్పటిదాకా మీ కుర్చీ ఒక్కటే కట్టాను, మిగతావి కట్టలేదు. కడితే ఏమొచ్చిందంటే: మీరు ఫోల్డ్ చేస్తే పెద్దాయన కుర్చీ 2 లక్షల 90 వేలు. మీరు కాల్ కొట్టి ఓడాక 3 లక్షల 80 వేలు. మూడో ఆయనది 4 లక్షల 7 వేలనుంచి 4 లక్షల 95 వేలకి పెరిగింది. మీతో తలపడి, తన చిప్స్ కూడా ఒడ్డి గెలిచిన లీడర్‌కి పెరిగింది లక్షా 22 వేలు. ఊరికే ముక్కలు పడేసి మంచినీళ్ళు తాగుతూ కూర్చున్న ఇద్దరికీ కలిపి లక్షా 78 వేలు! గెలిచినవాడికన్నా చూసినవాళ్ళకే ఎక్కువ ముట్టింది.

పోనీ మీరు గెలిస్తే? అప్పుడు కూడా పెద్దాయనకి ఓ 10 వేలు, మూడో ఆయనకి ఓ 15 వేలు పెరుగుతుంది. మీరూ లీడరూ కొట్టుకుంటే ఎవరు గెలిచినా వాళ్ళిద్దరికీ లాభమే. ఊళ్ళో రెండు పెద్ద దుకాణాలవాళ్ళు పంతానికి పోయి ధరలు తెగ్గోసుకుంటే సంచి పట్టుకున్నవాళ్ళు బాగుపడినట్టు.

మీ బావగారికి ఈ అంకెలేవీ తెలియవు, అయినా తెలుసు. 101 పూల్ రమ్మీ (పాయింట్లు 101 చేరినవాడు అవుట్) ఆడినవాళ్ళందరికీ తెలుసు. మొదట్లోనే డ్రాప్ కొడితే 20, మధ్యలో కొడితే 40, ఫుల్ కౌంట్ అయితే 80. పక్కవాడు 80 దాటి కంపల్సరీలో పడ్డాడు, డ్రాప్ కొట్టే దారి లేదు, ఏ చెయ్యి వచ్చినా ఆడి తీరాలి. మీరు 30లో ఉన్నారు, చెయ్యి మరీ చెత్త కాదు, ఓ మోస్తరు. ఆడతారా? పెళ్ళింట్లో తెల్లవార్లూ ఆడిన ఏ బావగారైనా నవ్వుతూ 20 రాయించుకుని తమలపాకుకి సున్నం రాసుకుంటాడు. కంపల్సరీవాణ్ణి లేపే పని ఇంకెవరైనా చేస్తారు, లేదా ముక్కలే చేస్తాయి. మీ ఫోల్డ్ కూడా ఆ 20 పాయింట్ల డ్రాపే. పోయేది ఒక్క పిక్క.

పైగా మీరు ఉత్తరంలో ఒక్క మాటలో చెప్పేసి వదిలేసిన సంగతొకటుంది: పెద్దాయన మీ ఎడమపక్క కూర్చున్నాడు. అంటే తర్వాతి చేతికి బిగ్ బ్లైండు ఆయనదే. ఉన్న నాలుగు పిక్కల్లో ఒకటి బలవంతాన పెట్టాలి, ఆ తర్వాతి చేతికి స్మాల్ బ్లైండు కింద ఇంకో అర. రెండు చేతుల్లో ఆయన దాదాపు ఏదో ఒకదానితో నిలబడి తీరాలి. సంచి లెక్కకి ఈ సంగతి తెలియదు, దానికి పిక్కల సంఖ్యే తప్ప ఎవరెక్కడ కూర్చున్నారో కనిపించదు. కాబట్టి మీ ఫోల్డ్ విలువ నేను చెప్పిన 5 లక్షలకన్నా కాస్త ఎక్కువే, కాల్‌కి కావలసింది 66కన్నా కాస్త ఎక్కువే. మీరు రెండు నిమిషాలు ఆలోచించానన్నారు. ఆ రెండు నిమిషాలూ మీ చూపు ఎక్కడుంది? నా అనుమానం, లీడర్ ముఖం మీద. కంటికొస మెదిలిందా, గుటక వేశాడా అని. ఆ చేతిలో చూడాల్సిన మనిషి ఎడమపక్క ఉన్నాడు.

లీడర్‌కి ఇవన్నీ తెలుసా? తెలిసే నెట్టాడనుకుంటాను. రాజు-తొమ్మిది పెట్టి 14 లక్షలు ముందుకి తోశాడంటే రాజు-తొమ్మిది మీద ప్రేమతో కాదు. మిగతా ముగ్గురిలో మీరొక్కరే తనని నిజంగా దెబ్బకొట్టగలరు. పెద్దాయన లేచేదాకా మీరు వేయలేరని ఆయన లెక్క. అది ఆయన ఆయుధం, దానికి కోపం తెచ్చుకోవాల్సిన పనిలేదు. పక్క బ్లైండ్లు నాలుగుసార్లు అలా ఎత్తుకుపోతే ‘వీడేంటి నన్ను తొక్కేస్తున్నాడు’ అని రక్తం ఉడుకుతుంది. నాకూ ఉడికింది. చాలా ఏళ్ళ కిందట మాండవి నదిమీద ఒక ఓడలో, ఐదుగురం ఉండగా, ఇద్దరి దగ్గర మూడేసి బ్లైండ్లు కూడా లేవు. తొమ్మిదుల జతతో కాల్ కొట్టాను. అవతల ఆసు-రాణి. రాణి పడింది. ఒడ్డుకి చేర్చే పడవలో కూర్చుంటే పక్కనే ఇంకో ఆటగాడు, ‘మీరు ముందే ఉన్నారు సార్’ అని ఓదార్చాడు. పణజి జెట్టీ మెట్లెక్కుతూ అదే మాట నాకు నేను వందసార్లు చెప్పుకున్నాను. అందుకే మీ ఉత్తరంలో ఆ మాట కనిపించగానే పట్టుకున్నాను.

ఇప్పుడు మీ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. మీ తప్పు ఖరీదు 3 లక్షలు కాదు. ఆయన నిజంగా ఏ ముక్కలతోనైనా నెడుతున్నాడనుకుంటే, మీ కాల్ విలువ 4 లక్షల 89 వేలు. ఫోల్డ్ 5 లక్షలు. తేడా 11 వేలు. ఆయన కొంచెం ఏరి నెడుతున్నాడు, మీకు 58 శాతమే ఉందనుకుంటే కాల్ విలువ 4 లక్షల 64 వేలు, తప్పు ఖరీదు 36 వేలు. ఈ రెంటి మధ్య ఎక్కడో మీరు చేసిన తప్పు ఉంది. మిగతాదంతా టర్న్‌లో పడ్డ రాజు. దానికి మీరు చేయగలిగింది లేదు. పెద్దాయన రెండో స్థానంలో వచ్చాడన్న బాధ కూడా దీనికి సంబంధం లేనిదే. నాలుగు పిక్కలతో ఆయన తర్వాతి చేతికే లేచిపోయి ఉన్నా మీ కాల్ అంతే తప్పు, లేవలేదు కాబట్టి ఇంకా ఎక్కువ తప్పు కాలేదు. మీ ఉత్తరంలో నిద్ర పట్టలేదన్నది ఆయన 5 లక్షలు చూసి. 11 వేలో 36 వేలో చూసి అయితే ఒక రాత్రి పట్టకపోయినా ఫర్వాలేదు.

పన్ను గురించి మీరు అడగలేదు గానీ, అక్కడే కోసుకున్న 30 శాతంతో అయిపోలేదు. రిటర్నులో సెస్సుతో కలిపి 31.2 అవుతుంది, గోవా టికెట్టు, ఎంట్రీ ఫీజు అందులోంచి తీసేసుకోవడానికి వీల్లేదు. అయితే అన్ని బహుమతులకీ ఒకే శాతం కాబట్టి పైన చెప్పిన 66 మారదు.

ఇదే చెయ్యి, ఇవే ముక్కలు, కొన్ని సంగతులు మారిస్తే నా సమాధానమూ మారుతుంది. ఆల్-ఇన్ అన్నది లీడర్ కాకుండా ఆ పెద్దాయనే అయితే? ఆయన దగ్గర ఉన్నవి నాలుగు పిక్కలు, మీవి ఒకటి అప్పటికే లోపల ఉంది. ఓడితే 18లో నాలుగు పోయి 14 మిగులుతాయి, కుర్చీ కదలదు. గెలిస్తే మనిషి లేస్తాడు, అందరితో పాటు మీకూ 3 లక్షలు ఖాయం. ఆసు-జాకీ కాదు, ఆసుకి తోడు ఏ చిన్న ముక్క ఉన్నా ఆలోచించకుండా వేయండి. లేదా మీరే ఆ రెండు లక్షల మనిషయ్యుంటే, లీడర్ నెడితే ఆసు-జాకీ పండగే. ఇద్దరే మిగిలాక అయితే సంచి, పిక్కలు అన్నీ కట్టిపెట్టి మీవాళ్ళ 47 లెక్క తీసుకోండి, అప్పుడు అదే కరెక్టు. ఒక్క నియమం మాత్రం ఆల్-ఇన్ కొట్టేవాడివైపునుంచి గుర్తుంచుకోండి: మీరు మొదటి స్థానంలో ఉండి మీ ఎడమన మధ్యరకం స్టాకు (చిప్స్ నిల్వ), మూలన ఊపిరాడని స్టాకు ఉంటే, ఆ రాజు-తొమ్మిదితో నెట్టాల్సింది మీరే.

ఇక ప్రాక్టీసు. డబ్బు యాప్‌ల దారి వెతక్కండి. మన రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలు ఆపేసింది, 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా అదే పని చేసింది. దొంగదారిన విదేశీ సైట్లు చూపిస్తామని మెసేజీలు పెట్టేవాళ్ళని బ్లాకు చేయండి. అపార్టుమెంటులో నలుగురిని పోగేసి డబ్బుతో ఆడదామన్న ఆలోచన కూడా వద్దు. ‘రమ్మీని సుప్రీంకోర్టు ఒప్పుకుంది కదా’ అని ఎవరో ఒకరు అంటారు. 1967లో మన రాష్ట్రం కేసులోనే రమ్మీ నైపుణ్యంతో కూడిన ఆట అంది, నిజమే. అదే తీర్పులో మూడుముక్కలాట పూర్తిగా అదృష్టం మీద నడిచేదనీ అంది. అందులో పోకర్ మాటే లేదు. మీరు ఉద్యోగం ఉన్న మనిషి.

డబ్బు లేకుండా నేర్చుకోవడానికి మాత్రం అడ్డేమీ లేదు. ఐసీఎం లెక్క కట్టే ఉచిత సైట్లున్నాయి, స్టాకులు, బహుమతులు వేస్తే కుర్చీల ఖరీదు చెబుతాయి. కానీ అంతకన్నా ముందు మా మనవరాలి పద్ధతి ఒక్క ఆదివారం చేసి చూడండి. 60 పిక్కలు, గోళ్ళరంగు, ఒక గుడ్డసంచి. స్టాకులు మార్చండి: పెద్దాయనకి నాలుగు బదులు పది ఇవ్వండి, మీ ఫోల్డ్ విలువ ఎలా పడిపోతుందో చేతికే తెలుస్తుంది. యాభై సార్లు సంచిలో చెయ్యి పెట్టినవాడికి టేబుల్ దగ్గర లెక్క కట్టక్కర్లేదు. బ్లైండు పెట్టేముందే తలెత్తి నాలుగు స్టాకులూ చూసే అలవాటు వచ్చేస్తుంది. మీకు కావలసిందల్లా అదే: ముక్కలు ఎత్తకముందే చూడటం. ఆసు కనిపించాక చూస్తే ఎవరికీ ఏమీ కనపడదు.

మళ్ళీ వెళ్ళాలా వద్దా అని మీరు అడగలేదు, నేను చెప్పను. నలుగురిలో ఒకరిగా మిగలడం చిన్న విషయమేమీ కాదు. వెళితే మాత్రం అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళండి, విశాఖలో ఎక్కితే నేరుగా వాస్కోలో దింపుతుంది, దారంతా పిక్కలు తీసుకోవచ్చు.

మీ బావగారిని నా తరఫున ఒక్కటి అడిగి రాయండి. 101 పూల్‌లో ఆయన 79 మీద ఉన్నారు. డ్రాప్ కొడితే 99, ప్రాణం ఉంటుంది గానీ తర్వాతి చేతినుంచి కంపల్సరీ. చేతిలో లైఫ్ (జోకరు లేని వరస) లేదు, కానీ రెండు జోకర్లు ఉన్నాయి. కొడతారా, ఆడతారా? ముప్ఫై ఏళ్ళుగా తేల్చుకోలేకపోతున్నాను.